ఆదివారం రెండు గంటలు: ఖర్చెవరిది?

ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వు చేతికొస్తే జనం ముందు మధ్య పేజీలు తిప్పుతారు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి, రెండోవారు ఏ రోజు ఎన్ని గంటలకు వచ్చి చూడాలి, దసరా సెలవుల్లో ఎవరింట్లో ఉండాలి అన్నవన్నీ అక్కడే ఉంటాయి. చివర్లో, జడ్జిగారి సంతకానికి కాస్త పైన ఉండే ఒక్క ముక్కను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఎవరి ఖర్చులు వారు భరించుకోవాలనో, ఖర్చుల విషయంలో ఉత్తర్వు ఏమీ లేదనో అది చెబుతుంది. వినడానికి పెద్దమనుషుల పంచాయితీ తీర్పులా ఉంటుంది. ఆలుమగల తగవులో గెలుపేమిటి, ఓటమేమిటి, చెరి సగం పోనివ్వండి అన్నట్టు.

తీరా చూస్తే ఆ ముక్క రాసేనాటికే ఖర్చంతా అయిపోయి ఉంటుంది. ఇద్దరిలో ఎవరి చేతిలో డబ్బు ముందు అయిపోతే వాళ్లు వాయిదాలకు రావడం మానేస్తారు. దాంతో బిడ్డను చూడటమూ ఆగిపోతుంది. బిడ్డను ఎవరు చూడాలన్నది కొన్ని కేసుల్లో జడ్జి కన్నా ముందే ఖర్చు తేల్చేస్తోంది. ఈ సమీక్ష ఆ ఖర్చు గురించే.

రహమత్ నగర్ నుంచి పురానీ హవేలీకి

రహమత్ నగర్ జూబ్లీహిల్స్ నియోజకవర్గంలోదే అయినా బంగళాల జూబ్లీహిల్స్ కాదు. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ పక్కపక్కనే. తెర మీద పేర్లు పడేవాళ్లు ఇక్కడ ఉండరు. ఆ పేర్లున్నవాళ్ల మీద లైటు పడేలా చూసేవాళ్లు ఉంటారు. లైట్‌మెన్లు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, మేకప్ అసిస్టెంట్లు, ప్రొడక్షన్ బాయ్స్. పనుంటే కాల్షీట్, లేకపోతే చాయ్‌బండి దగ్గర ఎదురుచూపు. 2025 ఆగస్టులో వేతనాల సమ్మెతో రెండు వారాలకు పైగా షూటింగులు ఆగినప్పుడు ఈ గల్లీల్లో చాలా ఇళ్లకు రాబడే లేదు.

ఇలాంటి ఇంట్లో భార్యాభర్తలు విడిపోయారనుకుందాం. ఆరేళ్ల కొడుకు తల్లి దగ్గర ఉన్నాడు. తండ్రి లైట్‌మ్యాన్. ఆదివారం రెండు గంటలు కొడుకును చూసుకోవడానికి పిటిషన్ వేశాడు. వాయిదా రోజు పొద్దున యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కుతాడు, అమీర్‌పేటలో లైన్ మారతాడు, ఎంజీబీఎస్‌లో దిగి ఆటో పట్టుకుంటాడు. ఏళ్ల తరబడి హైదరాబాద్ వాళ్లకు ఫ్యామిలీ కోర్టు అంటే పురానీ హవేలీయే. ఆరో నిజాం దుస్తుల బీరువాను చూడ్డానికి పర్యాటకులు వచ్చేదీ ఆ హవేలీకే.

ఆ రోజు కాల్షీట్ పోయింది. వకీలుకు వాయిదా ఫీజు, గుమస్తా చేతిలో ఎంతో కొంత, జిరాక్సులు, టిఫిను, ఆటో. మధ్యాహ్నం కేసు పిలిస్తే అవతలి పక్షం కౌంటర్ వేయడానికి టైమ్ కావాలంది. ఇంకో నెలకు వేశారు. ఐదు నిమిషాల పనికి ఒక రోజు కూలీ, పైన చేతి ఖర్చు. తల్లి పరిస్థితీ ఇంతే. పార్లర్‌లోనో బట్టల కొట్లోనో పనిచేస్తుంటే ఆమెకు సెలవు రోజు జీతం రాదు. బిడ్డను పక్కింటామె దగ్గర వదిలి రావాలి.

గమనించండి, ఇందులో కోర్టు ఫీజు ఎక్కడా లేదు. ఉన్నా అది నామమాత్రం. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కోర్టు ఫీజు వాపసు ఇస్తామనడం ఈ ఇంటికి పెద్ద ఊరటేమీ కాదు. అసలు ఖర్చు వకీలుది, వాయిదాలది, పోయిన కూలీది. చట్టం లెక్కగట్టే ఖర్చు ఒకటి, మనిషి జేబులోంచి పోయేది ఇంకొకటి. సమస్యంతా ఆ తేడాలోనే ఉంది.

వకీళ్లు అక్కర్లేదనుకున్న చట్టం

1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం తెచ్చినప్పుడు పార్లమెంటు అనుకున్నది వేరు. ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అని 9వ సెక్షన్ చెప్పింది. వకీలును పెట్టుకోవడం హక్కు కాదని 13వ సెక్షన్ చెప్పింది. న్యాయసలహా అవసరమనిపిస్తే కోర్టే ఒక న్యాయవాదిని అమికస్ క్యూరీగా పిలుచుకోవచ్చు, ఆ ఫీజు రాష్ట్ర ఖజానా నుంచి ఇచ్చేలా నియమాలు చేయవచ్చు. ఈ లెక్కన ఖర్చెవరిదన్న ప్రశ్నే రాకూడదు. మనుషులు నేరుగా వచ్చి మాట్లాడుకుంటారు, అవసరమైతే సర్కారే వకీలును ఇస్తుంది.

ఆచరణలో అది తిరగబడింది. వకీలును పెట్టుకోవడానికి అనుమతివ్వమని కోరే పిటిషన్ కూడా వకీలే రాస్తాడు, దాదాపు ప్రతి కేసులో అనుమతి వస్తుంది. హక్కు కాదన్న వకీలు అవసరంగా మారాడు. అమికస్ ఏర్పాటు మాత్రం పుస్తకంలోనే ఎక్కువగా ఉండిపోయింది.

ఒకే గల్లీ, నాలుగు చట్టాలు

ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకు లేదా అంటే, ఉంది. అది ఏ తలుపు గుండా లోపలికి వెళ్లామన్నదాన్ని బట్టి మారుతుంది.

హిందూ దంపతులకు 1955 వివాహ చట్టం 24వ సెక్షన్ ఉంది. సొంతంగా చాలినంత రాబడి లేని భార్యగానీ భర్తగానీ కేసు నడుస్తుండగానే మధ్యంతర భరణంతో పాటు కేసు ఖర్చులూ అవతలివారి నుంచి అడగవచ్చు. భర్తా అడగవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, ఆ దరఖాస్తు తేల్చాలని 2001 సవరణ చెబుతోంది. అదే చట్టం 26వ సెక్షన్ కింద విడాకుల కేసులోనే బిడ్డ కస్టడీ, చూసే హక్కు అడిగితే ఈ ఖర్చుల సదుపాయం కూడా వెంట వస్తుంది.

స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవాళ్లయితే 36వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ ఖర్చులు అడిగే వీలు భార్యకే. క్రైస్తవుల విడాకుల చట్టంలోనూ అంతే. ముస్లిం దంపతులకు ఇలాంటి సెక్షన్ లేదు. భరణం కేసు వేస్తే ఆ కేసు వరకు ఖర్చులు అడగవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో ఉన్న ఆ వీలు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌కు మారింది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా ఆ దారిలో వెళ్లవచ్చని తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులోనే 2024 జులై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ అది భరణం కేసు, బిడ్డను చూసే కేసు కాదు.

మిగిలింది అందరికీ తెరిచి ఉన్న పాత తలుపు, 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. కోర్టు భాషలో జీడబ్ల్యూఓపీ. విడాకులు కోరకుండా బిడ్డ కోసమే కోర్టుకెళ్లేవారు, అప్పటికే విడాకులైనవారు, ముస్లింలు, తాతానానమ్మలు, అమ్మమ్మతాతలు ఎక్కువగా వచ్చేది ఈ దారినే. ఇక్కడ 24వ సెక్షన్ అక్షరాలా వర్తించదు. ఉన్నదల్లా 49వ సెక్షన్. ఈ చట్టం కింద నడిచే కేసుల ఖర్చులు కోర్టు విచక్షణకే వదిలేశామని ఒక్క వాక్యంలో ముగించింది. కేసు మొదట్లోనే ఖర్చులు ఇప్పించాలని గానీ, ఎంతని గానీ, ఎన్నాళ్లలో అని గానీ చెప్పలేదు. చెప్పని చోట అలవాటే చట్టమవుతుంది. మన కోర్టుల అలవాటు, ఎవరి ఖర్చులు వారివి.

దాంతో ఒకే గల్లీలో, ఒకే రాబడితో, ఒకే వయసు బిడ్డలున్న మూడు ఇళ్లకు ఖర్చుల విషయంలో మూడు రకాల న్యాయం దొరుకుతోంది. పెళ్లి ఏ చట్టం కింద జరిగింది, పిటిషన్ ఏ పేరుతో పడింది అన్నవే తేడా. బిడ్డకు ఆ తేడాతో పనేమిటి?

మూడు వేల హద్దు, వంద రూపాయల జరిమానా

సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం ఓడినవారు గెలిచినవారి ఖర్చులివ్వడం సాధారణ సూత్రం. అలా ఇప్పించకపోతే కోర్టు కారణం రాయాలి. అబద్ధపు, వేధింపు వాదనలకు 35ఏ కింద పరిహారంగా ఇప్పించగలిగే ఖర్చుకు హద్దు మూడు వేల రూపాయలు. కావాలని జాప్యం చేస్తే 35బీ కింద ఖర్చులు కట్టిన తర్వాతే కేసు ముందుకు నడవనివ్వచ్చు. ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వరాదన్న నియమమూ ఉంది. ఎంత పాటిస్తున్నారో కోర్టు వరండాలో నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు.

నామమాత్రపు ఖర్చులు తగవని, వాస్తవంగా అయిన సముచితమైన ఖర్చు ఇప్పించాలని 2005 నుంచి సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెబుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ పి.వి.రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 2012లో సివిల్ కేసుల ఖర్చుల మీదే 240వ నివేదిక ఇచ్చింది. 35ఏ హద్దు పెంచాలని అందులో ఉంది. 2015లో కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చినప్పుడు వ్యాపార తగాదాలకు ఖర్చుల సెక్షన్‌ను కొత్తగా, వివరంగా తిరగరాశారు. వ్యాపారికి ఆ మేలు జరిగింది. బిడ్డ కోసం కోర్టుకెక్కినవారికి పాత లెక్కే మిగిలింది.

ఇక బిడ్డను చూపించమన్న ఉత్తర్వును ధిక్కరిస్తే? బిడ్డను కోర్టుకు తీసుకురమ్మన్న ఆదేశాన్ని పాటించనివారికి 1890 చట్టం 45వ సెక్షన్ వంద రూపాయల దాకా జరిమానా రాసింది. ఆపైన రోజుకు పది, మొత్తం కలిపి ఐదు వందలకు మించకూడదు. సివిల్ జైలు కూడా ఉందిగానీ కన్నవాళ్లను జైలుకు పంపడానికి ఏ జడ్జికీ చేయి రాదు. ఆ వంద రూపాయలు 1890లో పెద్ద మొత్తం. ఇప్పుడు పురానీ హవేలీకి ఆటో చార్జీ.

మన లైట్‌మ్యాన్‌కు ఆర్డర్ వచ్చిందనే అనుకుందాం. ఆదివారం పదకొండింటికి పార్కు దగ్గరకు తండ్రి వచ్చాడు. బిడ్డకు ఇష్టమని బజ్జీలు కట్టించుకొచ్చాడు. ఒంటిగంట దాకా ఎవరూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఆర్డరైతే చేతిలో ఉంది. అమలు కోసం మళ్లీ పిటిషన్, మళ్లీ వకీలు, మళ్లీ వాయిదా. ఆ ఖర్చూ ఆయనదే. ఇందులో తల్లీతండ్రుల స్థానాలు మార్చి చదివినా కథ మారదు. బిడ్డను అత్తగారింట్లో అట్టేపెట్టుకుని తల్లికి చూపించని ఇళ్లు తక్కువేమీ లేవు.

రాష్ట్రం రెండైతే కేసు ఢిల్లీకి

తెలుగువాళ్లకు కొత్తగా వచ్చిపడిన ఖర్చు ఒకటుంది. భర్త విజయవాడలో కేసు వేశాడు, భార్య బిడ్డతో రహమత్ నగర్‌లో పుట్టింటికి చేరింది. కేసును హైదరాబాద్‌కు మార్పించుకోవాలంటే ఉమ్మడి హైకోర్టు ఉన్నన్నాళ్లూ ఇక్కడే అడిగితే సరిపోయేది. 2019 జనవరి 1న రెండు హైకోర్టులు వేరయ్యాయి. ఒక రాష్ట్రం కోర్టు నుంచి ఇంకో రాష్ట్రం కోర్టుకు కేసు బదిలీ చేసే అధికారం సుప్రీంకోర్టుదేనని 2008లోనే తేలిపోయింది. కాబట్టి ఇప్పుడా తల్లి ఢిల్లీలో వకీలును పెట్టుకోవాలి. దూరం ఇదివరకటిదే, ఐదారు గంటల బస్సు ప్రయాణం. రాష్ట్ర విభజన కొన్ని కాపురాల మధ్య కూడా సరిహద్దు గీసింది.

దూరాభారం ఖర్చు గురించి సుప్రీంకోర్టు ఒక మంచి ఆలోచన చేసింది కూడా హైదరాబాద్ మహిళ కేసులోనే. జబల్‌పూర్‌లో భర్త వేసిన కేసును హైదరాబాద్‌కు మార్చమని ఆమె కోరింది. 2017 మార్చి 9న కోర్టు ప్రతి బదిలీ పిటిషన్‌నూ ఢిల్లీకి రప్పించే బదులు వేరే దారి చూపించింది. పెళ్లి, కస్టడీ తగాదాల్లో అవతలివారు వేరే ఊళ్లో ఉంటే, కేసు వేసినవాళ్ల చేత ముందే ప్రయాణం, బస, భోజనం ఖర్చులు డిపాజిట్ చేయించవచ్చు. సమన్లతో పాటే ఆ సంగతి తెలపవచ్చు. ఉచిత న్యాయసాయం, వీడియో విచారణ ఏర్పాటు చేయవచ్చు. అదే ఏడాది అక్టోబరు 9న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో వీడియో విచారణ భాగాన్ని బాగా కుదించింది. చర్చంతా వీడియో చుట్టూ తిరిగింది. ఖర్చు ముందే డిపాజిట్ చేయించాలన్న విలువైన మాట ఆ సందట్లో మరుగున పడింది.

ఉచిత న్యాయంలో ఎవరికెంత

1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ కింద మహిళకు రాబడితో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. జూబ్లీహిల్స్ బంగళాలో ఉన్నామెకైనా, రహమత్ నగర్ రేకుల గదిలో ఉన్నామెకైనా హక్కు ఒకటే. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకూ అంతే. ఇలాంటి వర్గాల్లోకి రాని పురుషుడైతే ప్రభుత్వం పెట్టిన రాబడి హద్దుకు లోపల ఉన్నట్టు చూపాలి. నెలలో పది రోజులు కాల్షీట్ ఉండి, మరుసటి నెల ఖాళీగా ఉండే లైట్‌మ్యాన్ ఏ నెల రాబడి చూపాలి? మహిళలకు రాబడి షరతు లేకపోవడం సబబే. ఇంటి ఆస్తి ఆమె పేరున ఉండదని, ఉన్నా ఆమె చేతిలో ఉండదని చట్టానికి తెలుసు. కానీ దినకూలీ తండ్రిని కాగితాల చుట్టూ తిప్పడం సబబు కాదు.

అదే సెక్షన్‌లో మహిళ పక్కనే ఇంకో మాట ఉంది. అది బిడ్డ. బిడ్డకు తన పేరున, రాబడితో పని లేకుండా, ఉచిత న్యాయసాయం హక్కుగా ఉంది. తల్లికొక వకీలు, తండ్రికొక వకీలు ఉన్న గదిలో ఎవరి కోసం కేసు నడుస్తోందో ఆ బిడ్డకు వకీలు ఉండటం అరుదు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ నిపుణుల సాయం తీసుకోమంటోంది. ఈ రెండు పన్నెండో సెక్షన్లనూ కలిపి చదివితే బిడ్డ మాట వినడానికి అయ్యే ఖర్చు సర్కారుది అవుతుంది.

ఇక ఎవరి స్తోమత ఎంత అన్న లెక్కకు 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన రజనేష్–నేహ తీర్పు పెద్ద దారి వేసింది. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, రాబడి ప్రమాణపత్రంగా ఇవ్వాలి. భరణం లెక్కలో ఉద్యోగం లేని భార్యకు అయ్యే సముచితమైన కేసు ఖర్చునూ చూడాలి. ఆ ప్రమాణపత్రం బిడ్డను చూసే కేసుల్లోనూ అడిగితే స్తోమత మొదటి వాయిదాలోనే తేలుతుంది.

బయట ఏం చేస్తున్నారు

తెలుగువాళ్లు స్థిరపడ్డ దేశాల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఇంగ్లండ్‌లో పిల్లల కేసుల్లో మామూలుగా ఖర్చులు ఇప్పించరు. బిడ్డ గురించి భయాలు చెప్పుకోవడానికి తల్లిగానీ తండ్రిగానీ జంకకూడదన్నది కారణం. నింద్యంగానో మరీ అన్యాయంగానో ప్రవర్తిస్తే మాత్రం వడ్డిస్తారు. ఆ పద్ధతి ఉచిత న్యాయసాయం ఉన్నన్నాళ్లు సాఫీగా నడిచింది. 2013 ఏప్రిల్‌లో గృహహింస వంటి వాటికి రుజువులున్న కేసులు తప్ప ఇలాంటి వాటికి ఆ సాయం తీసేశాక, వకీలు లేకుండా తమ కేసు తామే వాదించుకునేవాళ్లతో కోర్టులు నిండాయి. ఆస్ట్రేలియాలోనూ మూలసూత్రం ఎవరి ఖర్చులు వారివే. కెనడాలోని ఆంటారియోలో గెలిచినవారికి ఖర్చు రావాలన్నదే మొదటి భావన. కాలిఫోర్నియా దారి వేరు. ఇద్దరి స్తోమతలో తేడా ఉంటే ఉన్నవారి చేత లేనివారి వకీలు ఫీజు కేసు మొదట్లోనే ఇప్పిస్తారు, ఇద్దరూ సమానంగా వాదించుకునేలా.

మన కోర్టులకూ ఆ ఆలోచన కొత్త కాదు. తిరుపతిలో పెళ్లి చేసుకుని అమెరికాలో కాపురం పెట్టిన ఒక జంట విడిపోయి, తల్లి బిడ్డతో ఇండియాకు వచ్చేసిన కేసులో 2009 నవంబరు 17న సుప్రీంకోర్టు బిడ్డను వెనక్కి తీసుకెళ్లమంది. తల్లే తీసుకెళ్తే తల్లీబిడ్డల ప్రయాణ ఖర్చులన్నీ తండ్రి భరించాలని, అక్కడి కోర్టు తేల్చేదాకా ఆమెకు బస ఏర్పాటు చేయాలని షరతు పెట్టింది. బిడ్డను అడిగినవారే, స్తోమతున్నవారే, ముందే. సీమాంతర కేసుకు పనికొచ్చిన న్యాయం యూసుఫ్‌గూడ కేసుకు పనికిరాదా?

తేల్చుకోవాల్సింది

ఓడినవాడే కట్టాలనడం ఇక్కడ సరిపోదు. తాగి కొట్టే మనిషి దగ్గరకు బిడ్డను పంపనని తల్లి వాదించి, రుజువు చేయలేక ఓడిపోతే ఆమె మీద ఖర్చు వేయడం రేపు ఇంకో తల్లి నోరు నొక్కడమే. అలాగని ఎవరిది వారిదే అనడం ఉన్నవాడికి వాయిదాల ఆయుధం ఇవ్వడమే.

నాకు తోచిన న్యాయం మూడు మెట్లది. మొదట్లో స్తోమతను బట్టి, ఉన్నవారు లేనివారి కేసు ఖర్చుకు ముందే ఇవ్వాలి, పెళ్లి ఏ చట్టం కిందిదైనా. మధ్యలో నడవడికను బట్టి, ఊరికే వాయిదా కోరితే అవతలి మనిషి పోగొట్టుకున్న కూలీ కట్టి మరీ కోరాలి, చూపించాల్సిన ఆదివారం చూపించకపోతే ఆ రోజు ఖర్చు, పోయిన రెండు గంటలకు బదులు గంటలు ఇవ్వాలి. చివర్లో, నిజాయితీగా వాదించుకున్నవాళ్లకు, ఎవరి ఖర్చులు వారివన్న పాత ముక్క రాసుకోవచ్చు. అప్పుడది న్యాయంగానే ఉంటుంది. బిడ్డ వకీలు, కౌన్సెలర్ ఖర్చు మాత్రం ఎప్పుడూ సర్కారుదే.

డబ్బు కట్టలేదని బిడ్డను దాచడం, బిడ్డను చూపించలేదని భరణం ఎగ్గొట్టడం ఈ మెట్లలో ఎక్కడా ఇమడవు. ఆ రెండూ వేర్వేరు బాకీలు, రెండూ బిడ్డకే బాకీ. ప్రత్యేక కారణాలుంటే తప్ప, కస్టడీ దక్కనివారు రోజూ ఐదు పది నిమిషాలు బిడ్డతో మాట్లాడే వీలుండాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో దొరికే హక్కు అదే. దాన్ని అడగడం చాలామంది మరచిపోతున్నారు.

వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు. 49వ సెక్షన్ ఇచ్చిన విచక్షణ చాలు, కోర్టు దాన్ని ఆఖరి పేజీ నుంచి మొదటి పేజీకి తెస్తే. కోర్టు తేవాలంటే మనం అడగాలి. అడగని ఖర్చు కోర్టులు ఇవ్వడం అరుదు. వకీలుకు ఇచ్చే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి, అది లీగల్ సర్వీసెస్ నంబరు. స్తోమత ఉంటే, పిటిషన్ మీద సంతకం పెట్టేముందు మీ వకీలుగారిని ఒక్క మాట అడగండి: "సార్, ఖర్చుల ప్రేయర్ రాశారా?"